పొడిచే ఎద్దని తెలిశాక



ఈ వారం ధ్యానం నిర్గమకాండము 21వ అధ్యాయం. బైబిలు వరసగా చదివే అలవాటున్నవాళ్ళు కూడా ఇక్కడికి వచ్చేసరికి గబగబా పేజీలు తిప్పేస్తారు. పది ఆజ్ఞలు అయిపోయాయి, గుడారం కొలతలు ఇంకా రాలేదు, మధ్యలో ఈ ఎద్దుల గొడవేమిటి, మూత వెయ్యని గోతుల గొడవేమిటి అనిపిస్తుంది. నాకు మాత్రం పల్లెటూరి వాళ్ళ కోసమే రాసిన అధ్యాయం ఇది అనిపిస్తుంది. అక్కడ ఒక ఎద్దు మనిషిని పొడిచి చంపింది. అప్పటివరకు సాధువైన ఎద్దే అయితే యజమాని మీద నేరం లేదు. అదే ఎద్దుకు పొడిచే అలవాటు ఉందని ఊళ్ళోవాళ్ళు ముందే చెప్పి, అయినా యజమాని దాన్ని కట్టెయ్యకపోతే మాత్రం ఆ చావుకు అతనే బాధ్యుడు. ఎద్దు అదే, కొమ్ము అదే, పోయిన ప్రాణం అలాంటిదే. తీర్పు మారిపోయింది. ఎందుకు మారింది? అక్కడ చూసేది ఒక్కటే: నీకు ముందే తెలుసా, తెలియదా?

బండి నడుపుతూ ఫోను మాట్లాడటం గురించి ఈ వారం రాయాలనుకున్నాను. చాలాకాలంగా మనసులో ఉంది. ఈ ఎద్దు పొడుస్తుందని మనలో తెలియనివాడు ఎవడూ లేడు. ప్రైమరీ స్కూలు పిల్లలకు కూడా తెలుసు.

మన ఊరి సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఏలూరు వైపు నుంచి వచ్చే హైవే గుండుగొలను దగ్గర రెండుగా చీలుతుంది. భీమడోలు, తాడేపల్లిగూడెం, తణుకు మీదుగా పోయే పాత రోడ్డు ఇప్పుడు 216ఎ నంబరు జాతీయ రహదారి. దేవరపల్లి మీదుగా కొవ్వూరు పోయే కొత్త రోడ్డు ఇప్పుడు 16వ నంబరు. విశాఖపట్నం, విజయవాడల మధ్య తిరిగే లారీలు ఒక పక్క, కొల్లేటి చెరువుల నుంచి నీళ్ళు కారుకుంటూ వచ్చే చేపల వ్యాన్లు ఒక పక్క, ద్వారకా తిరుమల పోయే కార్లు ఇంకో పక్క. వీటి మధ్యలో నుంచి మన అక్కలు ఆటోల్లో కూలికి పోవాలి, మన పిల్లలు బైకు మీద కాలేజీకి పోవాలి.

ఆ రోడ్డు పక్కన ఒక అరగంట నిలబడి చూడండి, ఎన్ని రకాలుగా మాట్లాడుతున్నారో. కొంతమంది మెడ వంచి ఫోన్ని భుజానికి అదిమి పట్టుకుంటారు. దూరం నుంచి చూస్తే మెడ పట్టేసిందేమో పాపం అనుకుంటాం. కొంతమంది హెల్మెట్‌లోకి దూర్చేస్తారు. ప్రాణం కాపాడటానికి చేసిన హెల్మెట్ ఫోను స్టాండు అయిపోయింది. కొంతమంది వెనక కూర్చున్న భార్య చేత చెవి దగ్గర పట్టిస్తారు. ఆమె ఒక చేత్తో చంటిబిడ్డను, ఇంకో చేత్తో ఫోన్ని పట్టుకుంటే, ఇక బండిని పట్టుకోవడానికి ఆమెకు చెయ్యేదీ? ఆటో హ్యాండిల్ పక్కన ఫోను తగిలించి క్రికెట్ చూసేవాళ్ళను కూడా చూశాం.

సెకను కాలం మనకు లెక్కలో ఉండదు గాని, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎవరు చేశారో చూద్దామని మూడు సెకన్లు తల దించితే 50 మీటర్లు కళ్ళు మూసుకుని నడిపినట్టే. ఆ 50 మీటర్లలో ఒక గేదె రోడ్డెక్కడానికి, ఒక పిల్లాడు బంతి కోసం పరిగెత్తడానికి బోలెడంత చోటు ఉంది.

ఇక్కడిదాకా ఎవరూ కాదనరు. "నిజమే అయ్యగారూ, తప్పే" అంటారు. ఆ వెంటనే ఇంకో మాట అంటారు: "అందుకే బ్లూటూత్ కొనుక్కున్నానండి." నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఆ మాటే.

రెండు సంగతులు చెబుతాను. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటులో స్కూలు బస్సును నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజరు గుద్దింది. పదిమందికి పైగా పసిపిల్లలు పోయారు. డ్రైవరు ఫోను మాట్లాడుతున్నాడని బ్రతికి బయటపడ్డ పిల్లలు చెప్పినట్టు అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ వార్త వచ్చినప్పుడు తెలుగునాట ప్రతి ఇంట్లో అన్నం సహించలేదు. తరువాత నాలుగేళ్ళకి, 2018 ఏప్రిల్ 26న, ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్ జిల్లాలో మళ్ళీ అదే. కాపలా లేని గేటు, స్కూలు వ్యాను, ప్యాసింజరు రైలు. పదమూడుమంది పిల్లలు చనిపోయారు. అక్కడ జనాన్ని హెచ్చరించడానికి రైల్వే పెట్టిన మనిషి వ్యానును ఆపడానికి ప్రయత్నించాడనీ, డ్రైవరు చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయనీ వార్తల్లో వచ్చింది.

ఆ రెండో సంగతి దగ్గర కాసేపు ఆగుదాం. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నవాడికి రెండు చేతులూ ఖాళీయే. స్టీరింగు మీద పెట్టుకోవచ్చు. కళ్ళు కూడా రోడ్డు మీద పెట్టుకోవచ్చు. బ్లూటూత్ అమ్మేవాళ్ళు మనకు హామీ ఇచ్చేది అంతే గదా! కేకేసే మనిషి ఒకడు బయట ఉన్నాడు, ఆ కేక లోపలికి చేరే దారి మూసుకుపోయింది.

చెవి ఒక్కటే కాదు ప్రియులారా, మనసు కూడా మూసుకుపోతుంది. ఇది నా ఊహ కాదు. 1997లో కెనడాలోని టొరంటో నగరంలో ఇద్దరు పరిశోధకులు, ప్రమాదానికి గురైన 699 మంది డ్రైవర్ల ఫోను బిల్లులు తెప్పించి, ప్రమాదం జరిగిన నిమిషంతో సరిపోల్చి చూశారు. ఫోను మాట్లాడుతున్నప్పుడు ప్రమాదం జరిగే అవకాశం దాదాపు నాలుగు రెట్లు ఉందని తేలింది. చేత్తో పట్టుకున్నా, పట్టుకోకుండా మాట్లాడినా పెద్ద తేడా కనబడలేదు. తరువాత అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం వాళ్ళు కారు నడుపుతున్నట్టే ఉండే యంత్రంలో మనుషుల్ని కూర్చోబెట్టి పరీక్షించారు. ఫోను మాట్లాడుతూ నడిపినవాళ్ళ కళ్ళు రోడ్డు పక్క బోర్డుల మీదే ఉన్నాయి, కాని ఆ తరువాత అడిగితే ఆ బోర్డుల్ని సరిగా గుర్తుపట్టలేకపోయారు. 2006లో అదే విశ్వవిద్యాలయం వాళ్ళు తాగి నడిపేవాళ్ళతో కూడా పోల్చారు. బ్రేకు వెయ్యడంలో ఫోను మాట్లాడేవాళ్ళు తాగినవాళ్ళకంటే కూడా ఆలస్యం చేశారు. ఇందులోనూ చేత్తో పట్టుకున్న ఫోనుకూ, పట్టుకోని ఫోనుకూ తేడా లేదు.

మన సంఘంలో తాగి బండి నడిపినవాడు ఉన్నాడని తెలిస్తే పెద్దలు పిలిచి కూర్చోబెడతారు. బ్లూటూత్ పెట్టుకుని ఏలూరు దాకా మాట్లాడుతూ వెళ్ళినవాడిని "ఎంత బిజీ మనిషో" అంటాం.

"మరి పక్కన కూర్చున్నవాళ్ళతో మాట్లాడటం లేదా?" అని యవ్వనస్థులు అడుగుతారు. మంచి ప్రశ్న. దానికి జవాబు మన చెరువు గట్ల మీదే ఉంది. గట్టు మీద బండికి ఎదురుగా ట్రాక్టరు వచ్చిందనుకోండి. వెనక కూర్చున్నవాడు మాట మధ్యలోనే ఆపేస్తాడు. "మెల్లగా, మెల్లగా, ఎడమ పక్కకి" అంటాడు. వాడి రెండు కళ్ళు కూడా నీకు సాయం. ఫోను అవతల ఉన్నవాడికి ట్రాక్టరు కనబడదు, గట్టు కనబడదు, రెండు పక్కలా నీళ్ళు కనబడవు. "వింటున్నావా? హలో, వింటున్నావా?" అంటూనే ఉంటాడు. వాడిది తప్పు కాదు, వాడు తన ఇంటి అరుగు మీద కూర్చున్నాడు.

ఇక చెరువులు చేసే సహోదరుల మాట. దీన్ని తేలికగా తీసిపారెయ్యలేను. ఒక సహోదరుడు నాతో అన్నాడు: "అయ్యగారూ, మీరు చెప్పేది బాగానే ఉంది. తెల్లవారుజామున కరెంటు పోయిందని కాపలా కుర్రాడు ఫోను చేస్తాడు. ఏరియేటర్లు ఆగిపోతాయి. అది నేను ఎత్తకపోతే నా ఏడాది కష్టం నీళ్ళ మీద తేలుతుంది." నిజం. రాత్రంతా మొక్కలు ప్రాణవాయువు వదలవు, తెల్లవారేసరికి నీళ్ళలో అది అడుగంటుతుంది, మబ్బు పట్టిన రోజుల్లో ఇంకా ఘోరం. కట్ల, శీలావతి నోళ్ళు పైకి పెట్టి గాలి కోసం కొట్టుకుంటుంటే చూసినవాడికి ఆ భయం తెలుసు. రొయ్య అయితే ఆ మాత్రం గడువు కూడా ఇవ్వదు. అప్పులు తెచ్చి, కౌలు కట్టి, మేత అరువు పెట్టి చేసే పని ఇది. పట్టుబడి రోజున రేటు గురించి వచ్చే ఫోనూ అలాంటిదే.

కాబట్టి ఆ ఫోను ఎత్తొద్దు అని నేను అనను. బండి ఆపి ఎత్తమంటున్నాను. ఆలోచించండి: చీకట్లో, గట్టు మీద, పోతున్న బండి మీద ఉండి ఆ వార్త విని నువ్వు ఏం చెయ్యగలవు? జనరేటరు వేసేది కాపలా కుర్రాడు. నువ్వు చెయ్యగలిగింది రెండు ముక్కలు చెప్పడం, అది ఆగి చెప్పినా అంతే. ఆగడానికి పది సెకన్లు. ఆగకుండా, కంగారుతో గేరు మార్చి, చెవిలో అరుపులు వింటూ పోయినవాడు కాలవలో పడితే ఆ చెరువును ఎవడు చూస్తాడు? ఇంకా మంచిది, కరెంటు పోతే నీకు ఫోను చెయ్యకముందే జనరేటరు వెయ్యడం ఆ కుర్రాడికి నేర్పి ఉంచు. చాలా చెరువుల మీద రైతు "ఊఁ" అనేదాకా తాళం తియ్యరు. దాని వల్లనే సగం ఫోన్లు.

ఇప్పుడు అవతలి వైపు. ఎద్దు యజమాని ఎవరు? బండి మీదున్నవాడు ఒక్కడేనా? నా ఉద్దేశంలో ఫోను చేసినవాడికి కూడా ఆ పగ్గంలో ఒక కొస ఉంది. "ఎక్కడున్నావు?" అంటాం. "బండి మీద ఉన్నాను" అంటాడు. అక్కడ ఆపాలి గదా! ఆపం. "సరేలే, ఒక్క మాట విను" అని మొదలుపెడతాం. ఆ ఒక్క మాట భీమడోలులో మొదలై కైకరం దాకా పోతుంది. తల్లులు చేస్తారు, భార్యలు చేస్తారు, పని ఇచ్చినవాళ్ళు చేస్తారు. ముఖ్యంగా పని ఇచ్చినవాళ్ళు. వ్యాను డ్రైవరుకి ఐదు నిమిషాలకొకసారి ఫోను చేసి "ఎక్కడిదాకా వచ్చావు" అని అడిగే షావుకారు, ఆ డ్రైవరు ఎత్తకపోతే మరునాడు పని ఉండదని బెదిరించే షావుకారు, నిర్గమకాండము 21 చదువుకోవాలి.

కువైట్, దుబాయ్ లాంటి చోట్ల ఇళ్ళల్లో పనిచేసే మన అక్కచెల్లెళ్ళు ఇది చదువుతూ ఉంటారు. అమ్మా, మీకు రోజంతటికీ దొరికేది పది నిమిషాలు, ఆ పది నిమిషాల్లో ఇంటాయన గొంతు వినాలని మీకు ఎంత ఉంటుందో మాకు తెలుసు. మీ ఫోను మోగితే ఆయన బండి మీద ఉన్నా ఎత్తకుండా ఉండలేడు. మన దగ్గర మీకంటే గడియారం ఒకటిన్నర, రెండున్నర గంటలు ముందు ఉంటుంది గదా, మీరిద్దరూ ఒక వేళ అనుకోండి. ఆ వేళకి ఆయన ఇంట్లో ఉండేలా చూడటం ఆయన పని. అనుకోకుండా చెయ్యాల్సివస్తే మొదట "ఆగావా?" అని అడగండి. ఆగలేదంటే పెట్టెయ్యండి. అది ప్రేమ లేకపోవడం కాదు.

సంఘం మాట కూడా చెప్పుకుందాం. తెల్లవారుజామున ఐదు గంటలకు కాన్ఫరెన్సు కాల్‌లో ప్రార్థన చేసుకునే అలవాటు కరోనా రోజుల నుంచి చాలా సంఘాల్లో ఉంది. మంచిదే. కాని అందులో పాలకేంద్రానికి పోతూ ఒకరు, మార్కెట్టుకు కూరగాయలు వేసుకుపోతూ ఇంకొకరు బండి మీదే కలుస్తున్నారు. గాలి చప్పుడు మనందరికీ వినబడుతూనే ఉంటుంది. ఇకమీదట ఆ చప్పుడు వినబడిన నంబరును నడిపించేవాళ్ళు లైన్లో నుంచి తీసేస్తారు. నొచ్చుకోవద్దు. బండి మీద నా వాక్యం ఇయర్‌ఫోన్లో వింటున్నామని సంతోషంగా చెప్పేవాళ్ళకి కూడా ఇదే మాట. వాక్యమైనా, పాటైనా, చెవి మూసేది చెవి మూసేదే. వెనక లారీవాడు కొట్టే హారను కూడా మీరు వినవలసినదే. బండి ముందు వాక్యం స్టిక్కరు అంటించాం గదా, దేవుడు చూసుకుంటాడు అంటారా? దేవాలయ శిఖరం మీద నుంచి దూకమని, దూతలు పట్టుకుంటారని చెప్పింది ఎవరో, ప్రభువు ఆ మాట వినలేదని మీకు తెలుసు.

చట్టం ఏమంటుందో కూడా క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేసిన మార్పుల ప్రకారం, చేత్తో పట్టుకునే ఫోను వాడుతూ నడపడం 184వ సెక్షను కింద ప్రమాదకరమైన డ్రైవింగ్. మొదటిసారికి వెయ్యి నుంచి ఐదు వేల రూపాయల దాకా జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. 2020 అక్టోబరు నుంచి, దారి చూసుకోవడానికి మాత్రం, ధ్యాస చెదరకుండా, ఫోను వాడుకోవచ్చని నిబంధన వచ్చింది. బ్లూటూత్ వాడేవాళ్ళ బలమంతా ఇక్కడే: "చేత్తో పట్టుకుంటేనే గదా తప్పు!" పోలీసువాడు పట్టుకోగలిగింది చేతిలో ఉన్నదాన్నే. మనసులో ఉన్నదాన్ని అతను ఎలా పట్టుకుంటాడు? లెక్కలదీ అదే కథ. 2021లో ఫోను వాడకం వల్ల దేశంలో 1,997 ప్రమాదాలు జరిగి 1,040 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ నివేదిక చెప్పింది. ఆ ఏడు రోడ్ల మీద పోయినవాళ్ళు మొత్తం 1,53,972 మంది. ఫోను వాటా ఇంత తక్కువా అని నేను నమ్మను. గుద్దుకున్నాక ఫోను ఎగిరి తుప్పల్లో పడుతుంది, చనిపోయినవాడు చెప్పలేడు, బ్రతికినవాడు చెప్పడు. ఎఫ్ఐఆర్‌లో "అతివేగం" అని పడుతుంది.

సమాధి దగ్గర మనం ఇంకోటి అంటాం: "దేవుని చిత్తం. కాలం తీరింది." సేవకులం మేము కూడా ఆదరణ కోసం ఆ మాట ఎత్తుకుంటాం. పాతికేళ్ళ కుర్రాడి పెట్టె ముందు కూర్చున్న తల్లికి ఇంకేం చెప్పాలో తోచక అంటారు. ఆ తల్లి ముందు నేను వాదన పెట్టను. కాని ఇంకా ఎవరూ చనిపోని ఈ వారంలో, నింపాదిగా చదువుతున్న మీతో అంటున్నాను: పొడిచే ఎద్దు చంపినప్పుడు అది దేవుని చిత్తం అని ఆ అధ్యాయంలో రాయలేదు. కట్టెయ్యలేదు అని రాసి ఉంది. మనం విప్పి వదిలినదాన్ని తీసుకెళ్ళి దేవుని గుమ్మంలో కట్టెయ్యడం న్యాయం కాదు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఇంకో చిన్న ఆజ్ఞ ఉంది. కొత్త ఇల్లు కట్టుకున్నవాడు డాబా చుట్టూ పిట్టగోడ కట్టాలి, ఎవరూ పడి చావకుండా. పిట్టగోడ ఎవరో పడ్డాక కట్టేది కాదు. "మా ఇంట్లో అందరూ జాగ్రత్తపరులే" అని మానేసేదీ కాదు. ఫోను విషయంలో పిట్టగోడ అంటే బండి ఎక్కకముందు చేసే పని. ఇప్పటి ఫోన్లలో డ్రైవింగ్ చేస్తున్నంతసేపు మోగకుండా పెట్టుకునే ఏర్పాటు ఉంది. కొన్నింటిలో "బండి మీద ఉన్నాను, ఆగాక చేస్తాను" అని దానంతట అదే మెసేజి పంపే ఏర్పాటూ ఉంది. ఇంట్లోవాళ్ళ నంబర్లకి మాత్రం మినహాయింపు ఇవ్వొచ్చు. అదే మనిషి వెంటవెంటనే రెండోసారి చేస్తే మోగేలా కూడా పెట్టుకోవచ్చు. చెరువు రైతులకు ఇది బాగా పనికొస్తుంది: కాపలా కుర్రాడితో మాట అనుకోండి, కరెంటు సంగతి అయితేనే రెండుసార్లు వరసగా చెయ్యాలి, రెండోసారి మోగిందంటే నువ్వు గట్టు పక్కకి ఆగాలి. కారున్నవాళ్ళు దారి చూసుకోవడానికి ఫోను కావాలంటే కదలకముందే ఊరి పేరు కొట్టి, స్టాండులో పెట్టి వదిలెయ్యండి. ఏ ఏర్పాటూ లేని డబ్బా ఫోను అయితే ఇంకా తేలిక. స్విచ్ ఆపి సీటు కింద డిక్కీలో పడెయ్యండి. ఇరవై ఏళ్ళ క్రితం మనందరం గుండుగొలను నుంచి ఏలూరు ఫోను లేకుండానే వెళ్ళొచ్చాం, ఎవరి కొంపా మునగలేదు.

ఆ సెట్టింగు ఎక్కడుందో పెద్దవాళ్ళకు దొరకదు, ఒక్కో కంపెనీ ఫోనులో ఒక్కో చోట దాచారు. అందుకని ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం అరుగు మీద యవ్వనస్థులు నలుగురు కూర్చుంటారు. మీ ఫోను ఇస్తే పెట్టి ఇస్తారు. ఇంట్లో ఆడవాళ్ళు పక్కనే ఉండి చూసుకోండి, ఎవరి నంబరుకి మినహాయింపు ఉందో, ఎవరిదానికి లేదో తరువాత తగువు రాకుండా. ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకుని రండి, మందిరంలో ప్లగ్గులు రెండే ఉన్నాయి.